నారాయణ వామన తిలక్: జీవితము, మతాంతరము, కవిత్వము

ఆధునిక మరాఠీ సాహిత్య చరిత్రలో నారాయణ వామన తిలక్ పేరు రెండు వేర్వేరు తావుల కనిపించును. కవిత్వ చరిత్ర వ్రాసినవారు ఆయనను పువ్వుల కవిగా, పసిపిల్లల కవిగా, కేశవసుతునితోపాటు నూతన కవితకు దారితీసినవారిలో ఒకనిగా పేర్కొందురు. మరాఠీ క్రైస్తవ సంఘములవారు ఆయనను తమ ఆరాధన గీతముల కర్తగా, భక్తునిగా స్మరింతురు. ఈ రెండు పరిచయములను విడివిడిగా చదువుట అలవాటైపోయినది. కాని ఆయన జీవితమును మొదటినుండి తుదివరకు వరుసగా పరిశీలించినచో ఈ విభజన నిలువదు. తిలక్ క్రైస్తవ మతమును స్వీకరించుట 1895 లో ఒక్క దినమున జరిగిన పని. ఆ విశ్వాసమునకు తగిన పలుకును, ఆ పలుకులో తన నిజస్వరూపమును కనుగొనుటకు మాత్రము ఆయనకు మిగిలిన జీవితమంతయు పట్టినది. ఆయన మతాంతర చరిత్ర అందువలన భాషా సాహిత్య చరిత్రలో కూడ ఒక అధ్యాయమగుచున్నది.

తిలక్ 1861 లో కొంకణ ప్రాంతమున రత్నగిరి జిల్లాకు చెందిన కరజ్‌గావ్ అను గ్రామమున చిత్పావన బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. తండ్రి వామనరావు కోపిష్ఠి. తల్లి జానకీబాయి మృదుస్వభావ, కవిత్వమన్న ప్రీతి గలది. తండ్రి కాఠిన్యమునకును తల్లి లాలనకును నడుమ పెరిగిన బాలునికి తల్లియే సర్వస్వము. ఆయనకు పదునొకండేండ్ల ప్రాయమున ఆమె మరణించెను. ఆ పిమ్మట ఇల్లు ఆయనకు ఇల్లుగా తోపలేదు. ఇల్లు విడిచి నాసిక చేరిన ఆ పిల్లవాడు అక్కడ గణేశశాస్త్రి లేలే వద్ద సంస్కృత కావ్యములు అభ్యసించెను. ఇంగ్లీషు పాఠశాలలో చదివినది స్వల్పకాలమే. చదువు పూర్తికాకున్నను సంస్కృతమునను మరాఠీలోను పద్యము చెప్పగల శక్తి చిన్ననాడే పట్టుబడినది. తల్లిని పోగొట్టుకొనిన ఈ వెలితిని గుర్తుంచుకొనవలసి యున్నది. ఆయన తరువాతి కాలమున దైవమును తల్లిగా పిలిచిన గీతములకు మూలము కొంతవరకు ఇందే కలదు.

1880 ప్రాంతమున ఆయనకు నాసిక సమీపమందలి జలాల్‌పూరు నివాసులైన గోఖలే కుటుంబపు బాలికతో వివాహమయ్యెను. పుట్టింట మనకర్ణిక యని పిలువబడిన ఆ పదునొకండేండ్ల బాలికయే ఉత్తరకాలమున లక్ష్మీబాయి తిలక్‌గా ప్రసిద్ధికెక్కినది. ఆమె తండ్రికి మడి, ఆచారముల పట్ల మితిమీరిన పట్టుదల యుండెను. 1857 తిరుగుబాటు అనంతరము ఆయన మామగారిని ఆంగ్ల ప్రభుత్వము ఉరితీసెను. నాటినుండి ఆయన మనస్సు చెదరి, అంటు, మైల అను భయమే ఇంటిని ఏలినది. సరకులను సయితము కడిగి శుద్ధిచేయనిదే లోనికి రానీయని ఇంట ఆమె పెరిగెను. అట్టి ఇంటినుండి వచ్చిన బాలిక, ఏ కట్టుబాటునకును లొంగని యువకుని చేయిపట్టి నడువవలసివచ్చెను.

వివాహానంతరము తిలక్ జీవితము నిలకడలేనిదిగా సాగెను. ఒక ఊర ఉపాధ్యాయుడుగా కుదురుకొనుట, కొలదికాలమునకే ఆ పని వదలి మరియొక ఊరికి పోవుట పరిపాటి యయ్యెను. చేతికి వచ్చిన ధనము చేతిలో నిలిచెడిది కాదు. అడిగినవారికి ఇచ్చివేయుట, ఇంటనున్నవారిని మరచుట ఆయన స్వభావము. కోపము వచ్చినంత వేగముగనే పశ్చాత్తాపము వచ్చుచుండెను. అయితే ఈ తిరుగుడంతయు నిలకడలేమి మాత్రమే కాదు. కులభేదములతో చీలిపోయిన సమాజమును మేలుకొలుపగల ధర్మమేదియో తెలిసికొనవలెనను తపన దాని వెనుక నుండెను. మరాఠీ దేశమున అది సంస్కర్తల కాలము. ప్రార్థనా సమాజము 1867 లోను, జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజము 1873 లోను వెలసియుండెను. శాస్త్రములు చదివిన యువకునికి సంశయములు కలుగుట వింత కాదు. తిలక్ ఆ సంశయములను మనస్సున దాచుకొని లోకమర్యాదకు తలయొగ్గి బ్రతుకలేకపోవుటయే ఆయన విశేషము.

1891 లో ఆయన నాగపురము చేరెను. అక్కడ అప్పాసాహెబ్ బుటీ అను సంపన్నుడు సంస్కృత గ్రంథ సంచయమును పోషించుచు, వాని పరిష్కరణమునకును అనువాదమునకును తిలక్‌ను నియమించెను. ఆయన ఆదరణముననే తిలక్ ఋషి అను మరాఠీ పత్రికను నడపెను. హిందూమత విషయములను వివరించుట, చర్చించుట దాని ఉద్దేశము. ఆ పత్రిక చిరకాలము నిలువలేదు. కాని ఋషి సంపాదకుడు రెండు మూడేండ్ల వ్యవధిలో క్రైస్తవుడగుట గమనింపదగిన విషయము. తన మతమును ఎరుగక విడిచినవాడు కాడు తిలక్. దాని గ్రంథములను పరిష్కరించి, దాని తత్త్వమును పాఠకులకు వివరించి, దాని బలమును తెలిసికొనిన పిమ్మటనే ఆయన వేరొక దారి త్రొక్కెను.

1893 లో నాగపురమునుండి రాజ్‌నంద్‌గావ్‌కు రైలులో పోవుచుండగా ఆయనకు ఎర్నెస్టు వార్డు అను ఫ్రీ మెథడిస్టు మిషనరీతో పరిచయము కలిగెను. ఇరువురును మొదట కవిత్వమును గూర్చియు, పిమ్మట మతమును గూర్చియు మాటలాడుకొనిరి. వార్డు ఆయనకు బైబిలు నొసంగి, రెండేండ్లలోపల క్రైస్తవుడగుదువని చెప్పెను. తిలక్ ఆ జోస్యమును నమ్మలేదు. గ్రంథమును మాత్రము మాట తప్పక చదువనారంభించెను. మత్తయి సువార్తలోని కొండమీది ప్రసంగమునకు వచ్చుసరికి పుట దాటి ముందునకు సాగలేకపోయెను. తత్త్వశాస్త్రముల యందు తీరని ప్రశ్నలకు ఆ సరళ వాక్యములలో ప్రత్యుత్తరము లభించినట్లు ఆయనకు తోచెను. దీనులను, దుఃఖితులను ధన్యులుగా చెప్పిన ఆ బోధ, కులవ్యవస్థ చేసిన గాయములను తలచి వేదనపడుచున్న హృదయమునకు సూటిగా తగిలినది.

అయినను తరువాతి రెండేండ్లు ఆయన నెమ్మది యెరుగడు. నమ్మిక యొకవైపు, దానివలన కలుగబోవు వియోగము వేరొకవైపు లాగుచుండెను. బ్రాహ్మణుడు క్రైస్తవుడగుట ఆనాడు మనోగతమైన మార్పుగా మాత్రము నిలిచెడిది కాదు. ఇల్లు, బంధువులు, పంక్తిభోజనము, శ్రాద్ధాధికారము, ఉద్యోగము అన్నియు ఒక్కసారిగా తెగిపోవును. బ్రతికియుండగనే అతడు తనవారికి మృతుడగును. మరాఠీ దేశమున ఈ దారిని అంతకుముందు నడచినవారు లేకపోలేదు. కాశీలో స్థిరపడిన పండితుడు నీలకంఠశాస్త్రి గోరే 1848 లోను, తొలి మరాఠీ నవలగా పేర్కొనబడు యమునాపర్యటన్ రచించిన బాబా పద్మన్‌జీ 1854 లోను, పండిత రమాబాయి 1883 లోను జ్ఞానస్నానము పొందియుండిరి. వారందరును చెల్లించిన మూల్యము తిలక్‌కు తెలియనిది కాదు. తుదకు 1895 ఫిబ్రవరి 10 వ తేదీన బొంబాయి భేండీ బజారులోని అమెరికన్ మరాఠీ మిషను ఆలయమున ఆయన జ్ఞానస్నానము పొందెను. అది ఒక భారతీయ గురువు చేతిమీదుగా జరిగినది. విదేశీయుల దయాభిక్షగా గాక తన దేశీయుని ద్వారా ఈ క్రొత్త జన్మమును పొందవలెనను పట్టుదల అందు కనిపించును. ఆయన ఉత్తర జీవితమునకు అది సూచన.

ఆ వార్త లక్ష్మీబాయికి భర్త నోట రాలేదు. తన నిర్ణయమును ఆయన ఆమెకు ముందుగా తెలుపలేదు. ఇతరులవలన విని ఆమె కుప్పకూలినది. ఆమెకు అప్పటికి ఇరువదియారేండ్లు. ఒడిలో దత్తు అను పసిబిడ్డ. భర్త జీవించియే యున్నాడు, కాని ఆయన ఇంట అడుగుపెట్టుటకు వీలులేదు. సౌభాగ్యవతియో, అనాథయో తేల్చి చెప్పగల శాస్త్రము లేదు. బంధువులు ఆమెను పండరీపురమునకు చేర్చిరి. విఠోబా క్షేత్రమైన ఆ పట్టణమున ఆమె కుమారునితో కాలము గడపెను. ఉత్తరములు వచ్చుచు పోవుచు నుండెను. తిలక్ జీవితమును కీర్తించు రచనలలో ఈ సంవత్సరములను తొందరగా దాటిపోవుట కనిపించును. అది న్యాయము కాదు. ఆయన ఆత్మశాంతికి తొలి మూల్యమును చెల్లించినది ఆయన కాదు, ఆమె. ఆయన ఎన్నుకొని త్యాగము చేసెను. ఆమెకు ఎన్నుకొను అవకాశమే కలుగలేదు.

కొంతకాలమునకు ఆమె భర్త సన్నిధికి చేరుటకు అంగీకరించెను. కాని ఆచారము విడువలేదు. వంట వేరు, నీరు వేరు, మడి వేరు. తిలక్ అప్పటికి అహమద్‌నగర్ కేంద్రముగా పనిచేయు అమెరికన్ మరాఠీ మిషనులో చేరియుండెను. 2024 లో అహిల్యానగరమని పేరు మారిన పట్టణమే యిది. భార్యను తన మతములోనికి రమ్మని ఆయన బలవంతపెట్టలేదు. ముందు చేసిన తప్పునకు ఇది కొంత ప్రాయశ్చిత్తమనుకొనవచ్చును. లక్ష్మీబాయి మార్పు గ్రంథపఠనము వలన వచ్చినది కాదు. అహమద్‌నగర్ సమీపమందలి రాహురీలో ఉన్నప్పుడు ఆమె తనలో తాను తర్కించుకొనెను. ఈ కులములను దేవుడు చేసెనా, మనుష్యులు చేసిరా అను ప్రశ్న ఆమెను వేధించెను. మనుష్యులు చేసినవే యని నిశ్చయము కలిగిన క్షణముననే ఆమెకు అంటు భయము పోయినది. తాకగూడదని చిన్ననాటినుండి నేర్చినవారి చేతి నీరు త్రాగుట ఆమె తొలి సంస్కారము. జ్ఞానస్నానము ఆ తరువాతిది. 1900 లో ఆమె క్రైస్తవురాలయ్యెను. సరకులను కడిగి వాడు ఇంట పెరిగిన ఆ స్త్రీ, అస్పృశ్యులని ఎంచబడిన కులముల బిడ్డలను సైతము తన యింట కన్నపిల్లలవలె పెంచెను. భార్యాభర్తల మార్గములు భిన్నములు. ఆయన దైవమును వెదకుచు కులమును దాటెను. ఆమె కులమును దాటి దైవమును చేరెను.

మిషనులో తిలక్ వేదాంత పాఠశాల విద్యార్థులకు బోధించుచు, గ్రామములలో ఉపన్యసించుచు, 1904 లో దీక్షపొంది గురువయ్యెను. ఆయన పేరుముందు రెవరెండ్ అను బిరుదు ఆనాటినుండి స్థిరపడినది. కాని ఆయన ఆ చోట ఒక క్రొత్త పరదేశత్వమును గూడ అనుభవించెను. స్వజాతీయులు వెలివేసిరి. క్రొత్త సంఘమో, దుస్తులలోను, రాగములలోను, ఆలయ నిర్మాణములోను పాశ్చాత్య రీతుల నాశ్రయించియుండెను. ఆంగ్ల గీతముల పాదములకు సరిపోవునట్లు మరాఠీ పదములను కూర్చి, పాశ్చాత్య స్వరములలో పాడుట ఆరాధనలో సాధారణమైయుండెను. గురు లఘువుల నడకకు అలవడిన చెవికి ఆ పాట ఎంత కృత్రిమముగా వినిపించునో భాషావేత్తలకు చెప్పనక్కరలేదు. పదముల సహజమైన ఊనిక ఒకచోట, రాగపు ఊనిక వేరొకచోట పడును. భక్తుడు పాడును గాని పాట అతనిది కాదు. తిలక్ సయితము తొలి సంవత్సరములలో ఈ దారినే కొంత నడచెను. నమ్మిక నిజమైనదే, కాని అది ఎరువు పలుకులలో పలుకబడుచుండెను.

ఈ లోపమును ఆయన తెలిసికొనుట, మరాఠీ సంతుల వాణిని తిరిగి చదువుటతో సంభవించినది. జ్ఞానేశ్వరుడు 1290 లో జ్ఞానేశ్వరిని రచించిననాటినుండి 17 వ శతాబ్దపు తుకారామువరకు సాగిన ఆ సంప్రదాయము మరాఠీవారి ఇంటింట పాడబడునది. మతము మార్చుకొనినప్పుడు తిలక్ దానిని విడిచిపెట్టవలెనని ఎవ్వరును శాసింపకున్నను, అది పరాయిదను భావము సంఘమున వ్యాపించియుండెను. ఆయన క్రమముగా ఆ భావమును త్రోసివేసెను. తాను క్రీస్తు సన్నిధికి చేరినది తుకారాము వేసిన వంతెనమీదుగా అని ఆయన చెప్పుకొనెడివాడు. యూదుల ప్రాచీన గ్రంథము పాశ్చాత్యునకు ఎట్లు పూర్వరంగమో, తన జాతివారికి సంతుల అభంగములు అట్టివే యని ఆయన తలంపు. ఇది పండితచర్చకై కల్పించిన వాదము కాదు. తన బాల్యమును, తన తల్లిని, తన భాషను తిరిగి పొందినవాని అనుభవము.

అభంగము ఓవీనుండి పుట్టిన ఛందస్సు. అక్షరముల సంఖ్యపై నడచునది, పదుగురు కలిసి తాళములతో పాడుటకు అనువైనది. ప్రసిద్ధమైన ఒక భేదమున మూడు పాదములకు ఆరేసి అక్షరములును, నాలుగవ పాదమునకు నాలుగక్షరములును ఉండును. ఆ పొట్టి పాదము ఊపిరి తీసికొను చోటు, భావము తెగి మనస్సున నిలుచు చోటు. వాదించుటకంటె మొరపెట్టుకొనుటకు అది అనుకూలము. తిలక్ ఈ ఛందస్సును చేపట్టుటతో ఆయన భక్తి గీతముల స్వభావమే మారిపోయినది. క్రీస్తు గురువైనాడు, ప్రభువైనాడు, అంతకుమించి తల్లియైనాడు. విఠలుని విఠాయి యనియు, జ్ఞానేశ్వరుని మావులీ యనియు తల్లివాచకములతో పిలుచుట వార్కరీ భక్తులకు సహజము. ఆ సంబోధనలోనికి క్రీస్తును ఆహ్వానించుటలో తిలక్ దేనిని అనువదింపలేదు. భాష తనంతట తానే ఆ ద్వారమును తెరచినది. పదునొకండవ యేట తల్లిని కోల్పోయిన బాలుని మొర, సంతుల ఛందస్సు, సువార్తలోని కరుణామూర్తి, ఈ మూడును ఒకచోట కలిసినవి. అభంగాంజలి అను సంపుటమున ఈ కలయిక పరిణతరూపము చూడవచ్చును. మరాఠీ క్రైస్తవుల ఆరాధన గ్రంథములకు ఆయన వందలకొలది గీతములు సమకూర్చెను. కీర్తనము అను కథాగాన ప్రక్రియ అప్పటికే అహమద్‌నగర్ క్రైస్తవులలో ప్రవేశించియుండెను. తిలక్ దానికి కవితా గౌరవము కలిగించెను.

ఈ కాలముననే ఆయన లౌకిక కవిత్వము కూడ వికసించినది. వనవాసీ ఫూల్, సుశీల మున్నగు కావ్యములును, పువ్వులను, పిల్లలను, గృహజీవనమును గూర్చిన ఖండికలును మతభేదము లేక మరాఠీ పాఠకులు ఆదరించిరి. వెలివేసిన సమాజమే ఆయన కవితలను పాఠ్యములుగా చదువుకొనెను. 1907 లో జల్‌గావ్‌లో జరిగిన కవి సమ్మేళనమున త్ర్యంబక బాపూజీ ఠోంబరే అను యువకుని ప్రతిభ వెలుగులోనికి వచ్చినది. బాలకవి యని ప్రసిద్ధుడైన ఆ యువకుడు తిలక్ దంపతుల యింట కుటుంబ సభ్యునివలె కొంతకాలముండెను. మతము మారని ఆ బ్రాహ్మణ యువకుని కవిగా తీర్చిదిద్దుటయే గాని, మతములోనికి త్రిప్పుట తిలక్ తలపెట్టలేదు. 1918 లో బాలకవి రైలు ప్రమాదమున అకాలమరణము పొందుట తిలక్ దంపతులకు పుత్రశోకమువంటిదయ్యెను.

1912 నుండి తిలక్ జ్ఞానోదయ పత్రిక మరాఠీ విభాగమునకు సంపాదకుడుగా నుండెను. 1842 లో వెలసిన ఆ పత్రిక మరాఠీ పత్రికలలో ప్రాచీనమైనది. సంఘమును దేశాభిమానము వైపు త్రిప్పుటకు, క్రైస్తవుడగుట యనగా విదేశీయుడగుట కాదని చెప్పుటకు ఆయనకు అది వేదికయయ్యెను. క్రీస్తు జీవితమును మహాకావ్యముగా మరాఠీలో చెప్పవలెనని క్రిస్తాయనమును ఆరంభించుట కూడ ఈ ఉద్దేశము తోనే. అంతకు మూడు వందల యేండ్లకు పూర్వము, 1616 లో గోవాలో థామస్ స్టీఫెన్స్ అను ఆంగ్ల జెస్యూటు పాదిరి ఓవీ ఛందస్సున క్రిస్తపురాణమును ప్రకటించియుండెను. పరదేశి యొకడు ఈ భాషను నేర్చి చేసిన పనిని, ఈ భాషలో పుట్టినవాడు తనదిగా చేసికొని తిరిగి ఆరంభించుట చరిత్రలో అర్థవంతమైన ఘట్టము. తిలక్ తొలి అధ్యాయములను మాత్రమే వ్రాయగలిగెను. మిగిలిన కావ్యభాగమునంతయు, పాఠశాల మెట్లెక్కక భర్తవద్ద అక్షరములు నేర్చిన లక్ష్మీబాయి, ఆయన మరణానంతరము పూరించెను.

చివరి రెండేండ్లు ఆయన అన్వేషణకు పరాకాష్ఠ. 1917 లో తిలక్ మిషను ఉద్యోగమును విడిచిపెట్టెను. వేతనము గొను ఉపదేశకునిగా గాక సన్న్యాసిగా, స్వతంత్రునిగా క్రీస్తును సేవింపవలెనని నిశ్చయించుకొని సతారాకు వెడలెను. అక్కడ దేవాచా దర్బార్ అను పేర ఒక భక్తమండలిని నెలకొల్పెను. జ్ఞానస్నానము పొందినవారును, పొందనివారును క్రీస్తు శిష్యులుగా అందు సమానముగా చేరవచ్చును. ఇది సంఘమునకు ఎదురుతిరుగుట కాదు. జ్ఞానోదయ సంపాదకత్వమును ఆయన వదలలేదు. మిత్రులతో తెగతెంపులు చేసికొనలేదు. కాని మతాంతరము అనగా ఒక కులమునుండి వేరొక కులమునకు మారుట యను లోకప్రతీతిని ఆయన చెరిపివేయ దలచెను. జ్ఞానస్నానము తనకు అవసరమైనది, దానికై ఆయన సర్వమును విడిచెను. ఇతరులకు దానిని ద్వారముగా గాక గోడగా నిలుపుటకు ఆయన మనస్సు ఒప్పలేదు. పూర్వసంఘము, మిషను సంఘము రెండును ఈ ప్రయత్నమును సంశయముతోనే చూచినవి. అది వేరూనుటకు తగిన కాలము కూడ దొరకలేదు. 1919 మే 9 వ తేదీన బొంబాయిలో తిలక్ కాలధర్మము చెందెను. నాయకుడు లేని దర్బారు నిలువలేకపోయినది.

ఆయన స్థానమును నిర్ణయించుటకు ఇతర భాషలలోని చరిత్రలను సరిపోల్చి చూడవలెను. వంగకవి మైకేల్ మధుసూదన దత్తు 1843 లో క్రైస్తవుడై, ఆంగ్ల కవి కాదలచి, మదరాసు నివాసానంతరము మాతృభాషకు మరలి 1861 లో మేఘనాదవధ కావ్యమును ప్రకటించెను. అక్కడ మాతృభాష తిరిగి లభించినది గాని విశ్వాసము కావ్యవస్తువు కాలేదు. తమిళ వైష్ణవ కుటుంబమున పుట్టిన హెచ్. ఎ. కృష్ణపిళ్ళై 1858 లో క్రైస్తవుడై, రక్షణ్య యాత్రికము అను కావ్యమును 1894 లో ప్రకటించెను. కంబరామాయణ శైలిని, వైష్ణవ భక్తిని క్రొత్త వస్తువునకు వినియోగించిన ఆయన తిలక్‌కు సన్నిహిత బంధువు. తెలుగున పురుషోత్తమ చౌధరి (1803–1890) కీర్తనలు ఇట్టివే. బ్రాహ్మణకులమున పుట్టి క్రైస్తవుడైన ఆయన పాశ్చాత్య రాగములకు మాటలు కూర్చుటతో తృప్తిపడక, తెలుగువారి కీర్తన రీతిని చేపట్టెను. అందుచేతనే ఆ పాటలు శతాబ్దమునకు మించి ఆంధ్ర క్రైస్తవుల నాలుకలపై నిలిచినవి. తిలక్ జ్ఞానస్నానము పొందిన 1895 లోనే జన్మించిన గుఱ్ఱం జాషువ స్థితి వేరు. ఆయన క్రైస్తవ గృహముననే పుట్టెను. విశ్వాసమును గాక, కులము నిరాకరించిన కావ్యభాషను ఆయన పోరాడి సాధింపవలసివచ్చెను. క్రీస్తు చరిత్రను తెలుగు పద్యమున పలికించి 1964 లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందుట ఆ పోరాటమునకు ఫలము. తిలక్‌కు కావ్యభాష పుట్టుకతో సంక్రమించినది, దానిని క్రొత్త విశ్వాసమునకు అర్పించుట ఆయన పని. జాషువకు విశ్వాసము పుట్టుకతో సంక్రమించినది, కావ్యభాష ఆయన ఆర్జితము. ఇరువురును చేరిన చోటు మాత్రము ఒక్కటే. ఏ విశ్వాసమైనను ప్రజల స్వంత నడకలో పలుకబడునంతవరకు వారి యింటిది కానేరదు.

తిలక్ జీవితమును విజయగాథగా మాత్రమే చెప్పుట సరికాదు. ఆయన వలన బాధపడినవారు కలరు, వారిలో మొదటిది ఆయన భార్యయే. ఆయన స్థాపించిన మండలి నిలువలేదు, ఆరంభించిన మహాకావ్యము ఆయన చేత ముగియలేదు. అయినను రెండు ఫలములు మిగిలినవి. ఒకటి, మరాఠీ క్రైస్తవుడు తన దైవమును పిలుచుటకు పరాయి రాగమును ఎరువు తెచ్చుకొనవలసిన యగత్యము తీరినది. రెండవది, లక్ష్మీబాయి స్మృతిచిత్రే. 1934 నుండి భాగములుగా వెలువడిన ఆ ఆత్మకథ మరాఠీ వచనమునకు గర్వకారణమని విమర్శకు లందరును అంగీకరింతురు. ఇంటిమాటల తేటదనముతో, నవ్వుతో, నొప్పితో ఆమె భర్తను చిత్రించినది. ఆయనను దేవతగా నిలుపలేదు, దోషిగా నిలుపలేదు. ఒకనాడు ఆయన నిర్ణయములో ఆమెకు పలుకు లేకపోయెను. కడపట ఆయన చరిత్రను లోకము తెలిసికొనినది ఆమె పలుకులోనే. ఇరువురి మతాంతరమునకును మాతృభాషయే సాక్షిగా నిలిచినది.